వదిలేసిన తెలుపు

శనివారం మధ్యాహ్నం డ్రాయింగ్ టీచర్ తలగడ గలీబు బోర్లించి, ఇరవై రెండేళ్ల కాగితాలు మంచం మీద కుమ్మరించింది. ఆమె భర్త అప్పుడే భోంచేసి, కాసేపు నడుం వాలుద్దామని గదిలోకి వచ్చాడు. మంచం నిండా మెడలు, చెవులు, వేళ్లు, చెప్పుల్లోంచి జారిన పాదాలు. పూర్తి మనిషి ఒక్కడూ లేడు. ఆయన అలాగే నిలబడి, వీళ్లలో ఎవరైనా కాస్త జరుగుతారా అని అడిగాడు.

"జరగరు. పరీక్ష రాస్తున్నారు" అందామె.

అన్నీ పరీక్ష హాల్లో కాపలా డ్యూటీ పడ్డప్పుడు వేసినవే. ప్రతి హాలుకీ నాలుగైదు ప్రశ్నాపత్రాలు ఎక్కువే ఇస్తారు. హాజరు తీసుకోవడానికి పెన్సిలు చేతిలో ఎలాగూ ఉంటుంది, అట్ట ఉంటుంది. హాజరు పట్టీ కింద మిగిలిపోయిన ప్రశ్నాపత్రం తిరగేసి పెట్టుకుని, కిటికీ పక్కన నిలబడి వేసేది. పరీక్ష రాసే పిల్ల ఒక చెవి వేసేంతసేపు కదలకుండా ఉంటుంది, అంతకుమించి ఉండదు. మొహం జోలికి మాత్రం ఆమె ఎన్నడూ పోలేదు. మొహం వెయ్యాలంటే ఆ పిల్ల తలెత్తాలి. తలెత్తితే చూపులు కలుస్తాయి. కలిస్తే పెన్సిలు ఆపాల్సిందే.

"వీటన్నిటినీ ఇప్పుడేం చేస్తావు?"

"చింపుతాను."

ఆయన మళ్లీ పరాచికం ఆడబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు. కత్తెర ఉందిగా, చింపడం ఎందుకన్నాడు. కత్తిరించిన అంచు అంటించాక మెట్టులా పైకి కనపడుతుందనీ, చింపిన అంచు పీచు తేలి పలచబడి అడుగు చెక్కలో కలిసిపోతుందనీ ఆమె చెప్పింది. చెబుతూనే ఒక మెడని చూపుడు వేలు గోటికి ఆనించి, తన వైపుకి మెల్లగా లాగి చింపింది. మొదటిది కావడంతో చింపు కాస్త వంకరపోయింది. పదోదానికి చెయ్యి తిరిగింది.

అంతకు రెండు రోజుల ముందు, గురువారం నాడు చిన్న సారు ఆమెని ఆఫీసు గదిలోకి పిలిచాడు. బడి స్థాపించిన పెద్ద సారుకి ఒక్కడే కొడుకు. పదమూడేళ్ల కిందట ఈ బడిలోనే పదో తరగతి చదివాడు, రెండేళ్లుగా బడి వ్యవహారాలన్నీ తనే చూస్తున్నాడు. మనిషి మర్యాదస్తుడు, కుర్చీ చూపించి కూర్చున్నాకే మాట మొదలుపెట్టాడు. వచ్చే ఏడాది నుంచి డ్రాయింగు పీరియడ్లు ఉండవన్నాడు. బొమ్మలు పిల్లలు ఇంటి దగ్గర కూడా వేసుకోవచ్చుననీ, ఆ గంటలు కంప్యూటరుకి ఇస్తున్నామనీ చెప్పాడు. ఈ ఏడాదితో మీరు విశ్రాంతి తీసుకోవచ్చు టీచర్ అని, అదేదో తను ఇస్తున్న కానుకలా నవ్వాడు.

ఆమె నవ్వలేదు. బుధవారం తల్లిదండ్రుల సమావేశం ఉంది, ముందు హాల్లో గోడకి ఎనిమిదడుగుల చెక్కబల్ల ఖాళీగా ఉంది, అది నాకు ఇప్పించండి అంది. దాని మీద తను చేసేది చూశాక కూడా ఇలాంటివి పిల్లలు ఇంటి దగ్గర నేర్చుకుంటారని బడి కమిటీ పెద్దలకి అనిపిస్తే తను నోరెత్తననీ అంది. చిన్న సారు కాగితాలు సర్దుతూ, అలాగే టీచర్, చూద్దాం అన్నాడు.

పాత బొమ్మలు పారెయ్యొద్దని ఆమె ఏటా పిల్లలకి చెప్పేది. వేసేసిన బొమ్మ ఇక బొమ్మ కాదు, కొత్త బొమ్మకి నేల అనేది. పిల్లలు పాపం బుద్ధిగా వాళ్ల ఏనుగుల్నీ ఇళ్లనీ తెచ్చి, చింపి, అతికించేవాళ్లు. తనవి మాత్రం గలీబు దాటి బయటికి రాలేదు.

ఆదివారం పొద్దున్నే స్టవ్ మీద పిండి జిగురు ఉడికించింది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, వడకట్టి, పాత డబ్బాలో పోసి, మూత మీద "తినేది కాదు" అని రాసింది. నన్ను ఉద్దేశించేనా అన్నాడు భర్త. మీరు తప్ప వంటింట్లో మూతలు తీసేవాళ్లు ఎవరున్నారు అందామె. ఆ డబ్బా, రెండు బ్రష్షులు, చిరిగిపోయిన హాజరు రిజిస్టర్ల అట్టలు, నల్లదారం ఉండ, సీసాలో చిక్కటి టీ డికాక్షను, ఏడాది పొడుగునా పోగుచేసిన పెన్సిలు పొట్టు సంచిలో సర్దుకుని బడికి పోయింది.

ఆయమ్మ తాళం తీసి, తలుపు దగ్గర చీపురు మీద గడ్డం ఆనించి నిలబడింది. బడిలో అందరికన్నా పాతమనిషి ఆవిడే. సెలవు రోజున ఈ జిగురు పనేమిటమ్మా అంది. పని చూశాక బకెట్టుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

ముందు బల్లంతా టీ నీళ్లతో తడిపింది. అది ఆరుతుంటే కొన్నిచోట్ల చెమట మరకల్లాంటి అంచులు కట్టాయి, వాటిని చెరపలేదు. రిజిస్టర్ల అట్టల మీది గుడ్డ ఊడదీసి, పట్టీలుగా చింపి, వరసలు వరసలుగా బెంచీలు పరిచింది. వాటి వెనక మెడలు, కింద పాదాలు, మీద మోచేతులు. ఒక పిల్ల మెడకి ఇంకో పిల్లాడి చెవి, ఎనిమిదేళ్ల కిందటి భుజానికి నిరుటి చెయ్యి. కలవవనుకున్నవి కలిశాయి. వరసల మధ్య ఖాళీల్లో నల్లదారం బిగించి అంటించింది, ఒక బెంచీకి ఇంకో బెంచీకి మధ్య దాటకూడని గీతల్లా. సోమ, మంగళవారాలు బడి వదిలాక వచ్చి నేల మీద పెన్సిలు పొట్టు జిగురులో ముంచి చల్లింది.

ఆమె అనుకోనిది ఒకటి జరిగింది. పలచటి కాగితం జిగురు పీల్చుకుని ఆరేసరికి, వెనక అచ్చయిన ప్రశ్నలు ముందుకి కనపడసాగాయి. అక్షరాలు తిరగబడి, మసగ్గా, పిల్లల మెడల మీదా వేళ్ల మీదా. మొదట అంతా పాడైందనుకుంది. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. హాల్లో గుసగుసలు పోతున్నట్టుంది. ఉండనిచ్చింది.

చింపకుండా దాచింది ఒక్కటే. గలీబులో కూడా దాన్ని విడిగా అట్టలో పెట్టేది. రాసే బల్ల అంచు కింద సగం ముడుచుకున్న కుడిచెయ్యి. బొటనవేలు లోపలికి, కఫ్ బొత్తాం ఊడి, మణికట్టు మీద నరం పైకి తేలి ఉంది. ఎవరి చెయ్యో గుర్తులేదు, చలికి ముడుచుకుందనుకునేది. అంత తక్కువ గీతలతో అంత బిగువు ఆమెకి మళ్లీ ఎప్పుడూ కుదరలేదు. చొక్కా చెయ్యంతా పెన్సిలు పడుకోబెట్టి సన్నగా నీడ పూసి, కఫ్ చివర వేలెడంత తెలుపు వదిలేసింది. ఆ తెలుపు చూసుకునే ఎన్నోసార్లు మురిసిపోయింది. దాన్ని బల్లకి సరిగ్గా నడిమధ్య అంటించి, పొడిగుడ్డతో లోపలి గాలి బయటికి నొక్కింది.

బుధవారం తల్లిదండ్రులు వచ్చారు. కొందరు ఆగారు, కొందరు ఫోనులు చూసుకుంటూ దాటిపోయారు. ఒకాయన ఇది గోడ కాగితమా, ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. కమిటీ పెద్దాయన మాత్రం కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని, చాలాసేపు చూసి, పక్కనున్న చిన్న సారుతో, ఇందులో ఒక్క మొహమూ లేదయ్యా, అయినా నా పరీక్షలు గుర్తొచ్చాయి అన్నాడు. చిన్న సారు బల్లకి మరికాస్త దగ్గరికి జరిగాడు. ఆమె రెండడుగుల దూరంలో నిలబడి, ఇక గట్టెక్కినట్టే అనుకుంది.

అప్పుడొచ్చింది లెక్కల టీచర్. ఆమెకి డ్రాయింగ్ టీచరంటే ప్రాణం. అచ్చు ఎక్కడున్నా, ఎలా ఉన్నా చదివెయ్యడం ఆవిడకి అలవాటు. బల్లకి ముక్కు ఆనించి, ఒక మెడ మీద తిరగబడ్డ అక్షరాల్ని కూడబలుక్కుని చదివింది. "అక్కా, ఇది నా పేపరే. ఐదో లెక్క తప్పు పడిందని అందరికీ మార్కులు కలిపాం చూడు, ఆ ఏటిది" అని గలగలా నవ్వింది. పక్క మెడ మీద తారీఖు చదివింది. ఆ పక్కది సైన్సు, దాని తారీఖూ చదివింది. ఏదో పెద్ద విషయం కనుక్కున్నదానిలా చుట్టూ ఉన్నవాళ్లని పిలిచి చూపించింది.

చిన్న సారు నెమ్మదిగా అడిగాడు. "ఇవన్నీ పరీక్ష జరుగుతుండగా వేసినవా టీచర్?"

ఆమెకి అందులో గోతి కనపడలేదు. అవునండీ, అన్నీ చూసి వేసినవే, ఒక్కటీ ఊహించి వేసింది లేదు అంది గర్వంగా.

గురువారం పదిన్నరకి ఆయమ్మ మెమో తెచ్చి ఇచ్చింది. మూడే వాక్యాలు. పరీక్ష కాపలా బాధ్యతలో ఉండి ఏళ్ల తరబడి సొంత పని చేసుకున్నందుకు సంజాయిషీ ఇవ్వాలి, రెండు రోజుల్లో. విశ్రాంతి అన్న మాట ఈసారి లేదు. లెక్కల టీచర్ స్టాఫ్ రూములో కన్నీళ్లు పెట్టుకుంది, నా నోరు పడిపోనూ అంటూ. డ్రాయింగ్ టీచర్ ఆమెకి మంచినీళ్లిచ్చి, మెమో పట్టుకుని ఆఫీసు గదికి నడిచింది.

చిన్న సారు ఈసారీ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"మీరు బొమ్మలు వేసుకుంటూ కూచుంటే, హాల్లో ఎవరేం చేస్తున్నారో ఎవరు చూశారు టీచర్?"

"కూచోలేదండీ. నిలబడే వేశాను."

"సరే, నిలబడే. ఎవరు చూశారు?"

"నేనే చూశాను. బొమ్మ వేసేవాళ్లు చూసినట్టు ఇంకెవ్వరూ చూడరు సార్. ఎవరు రాశారో, ఎవరు రాసినట్టు నటించారో, ఎవరి చెయ్యి బల్ల కిందికి పోయిందో ఇరవై రెండేళ్లది నాకు తెలుసు. మీకు ఎవరి సంగతి కావాలో అడగండి, చెబుతాను."

తన పని గురించి చెప్పానని ఆమె అనుకుంది. గొంతు కూడా పెంచలేదు. చిన్న సారు ముందున్న ఫైలు మూశాడు. పెన్ను మూత వెతికి పెట్టాడు, అది సరిగా పడక మళ్లీ తీసి పెట్టాడు. అతని చెవులు కొసల నుంచి కిందికి ఎర్రబడటం ఆమె చూసింది. కోపం వచ్చింది కాబోలు అనుకుంది. తర్వాత మాట్లాడదాం టీచర్, మీరు క్లాసుకి వెళ్లండి అన్నాడతను.

ఇంట్లో భర్త ఆ మాటలన్నీ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. తప్పయిందని ఒక్క ముక్క రాసిచ్చేస్తే వాళ్ల అహం చల్లారుతుంది కదా, నీదేం పోయిందన్నాడు. నేను చూడలేదని రాయమంటారా అంది. చూశావు కాబట్టే కదా అవి వేశావు, అదే రాయి అన్నాడాయన. సంజాయిషీ కాగితం మీద తారీఖు వేసి, అక్కడితో ఆపేసి, బీన్సు చివర్లు తుంచుతూ కూర్చుంది.

శుక్రవారం బడి వదిలాక చిన్న సారే హాల్లో ఆమె దగ్గరికి వచ్చాడు. ఆయమ్మని గేటు దగ్గరికి పంపించి, మెమో సంగతి మరిచిపోండి టీచర్ అన్నాడు. ఫైలులోంచి తీసేశాడట. డ్రాయింగు పీరియడ్లు ఉంటాయి, పై తరగతులకి కూడా వారానికొకటి వేస్తున్నాం, మీరున్నంతకాలం మీరే చెప్పండి అన్నాడు. అన్నీ ఒక్క ఊపిరిలో, ఆమె మొహం చూడకుండా. ఆమె బెంచీ అంచు పట్టుకుంది.

"ఒక్కటి మాత్రం" అన్నాడు. వేలితో చూపించలేదు, గడ్డంతో చూపించాడు. "అది తీసెయ్యండి."

అది ఆ చెయ్యి.

"అన్నిట్లోకీ అదే బాగుంది సార్" అంది ఆమె, నిజంగానే అర్థం కాక.

"తీసెయ్యండి టీచర్."

గొంతు ఆఫీసు గదిలోది కాదు. ఆమె గుడ్డ తడిపి, నీళ్లు కారకుండా పిండి, ఆ కాగితం మీద పరిచింది. పిండి జిగురు కాబట్టి నానితే ఊడివస్తుంది, కాని తొందరపడితే పొర లేస్తుంది. పది నిమిషాలు ఆగాలి. ఇద్దరూ బల్లకి ఎదురుగా, పెళ్లివారి ఫోటోకి నిలబెట్టినట్టు పక్కపక్కన నిలబడ్డారు.

గుడ్డ తీసింది. తడికి పెన్సిలు నలుపు ఇంకా నల్లబడింది. చొక్కా నీడ అంతా చిక్కబడి, కఫ్ చివర వదిలేసిన తెలుపొకటే విడిగా, మూడు మూలలతో, కొట్టొచ్చినట్టు తేలింది.

ఆమె చెయ్యి ఆగింది. ఆ రోజుల్లో బడి చొక్కాలు లేత నీలం. కఫ్ కూడా నీలమే. చెయ్యంతటికీ నీడ పూసి అక్కడొక్కచోట తను ఎందుకు పూయలేదు? అక్కడ తెలుపు ఉంది కాబట్టి. చొక్కాకి లేని తెలుపు, అరచేతికి లేని తెలుపు. మడతపెట్టిన కాపీ చీటీ. పెన్సిలు దాన్ని చూసింది, చూసినట్టే వదిలింది. తను చూడలేదు. పదమూడేళ్లు అట్టలో దాచుకుని, తీసి, ముచ్చటపడి, మళ్లీ దాచుకుంది. ఒక్కసారి కూడా చూడలేదు.

ఎదురుగోడకి, బడి ఫస్టు వచ్చినవాళ్ల పేర్లు రాసిన చెక్క పలక. అందులో పదమూడేళ్ల కిందటి వరసలో ఎవరి పేరుందో ఆమె తిరిగి చూడక్కర్లేదు.

మెమోలో రాసిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆమె మూల దగ్గర గోరు దూర్చి, కాగితాన్ని అంగుళం అంగుళం లేపింది. చిరగకుండా వచ్చింది. తడిసిన చెయ్యి ఆమె అరచేతిలో వాలిపోయింది.

"మీరు అప్పుడే నాన్నకి చెప్పి ఉండొచ్చు" అన్నాడు చిన్న సారు. చూపు నేల మీదుంది. "ఇన్నేళ్లూ నన్ను చూస్తూ... ఎందుకు చెప్పలేదు టీచర్?"

చెప్పాల్సింది రెండే ముక్కలు. నేను చూడలేదు. ఆ రెండు ముక్కలూ నాలుక మీదికి వచ్చాయి కూడా. అవి బయటపడితే ఇతను హాయిగా ఊపిరి తీసుకుంటాడు, రేపు మెమో మళ్లీ ఫైలులోకి వస్తుంది, రావడం న్యాయం. కంప్యూటర్లు వస్తాయి. తలగడ గలీబు ఖాళీ అయిపోయింది. అందులోవన్నీ ఈ బల్ల మీద ఉన్నాయి, బల్ల వీళ్లది.

"చిన్నపిల్లాడివి" అంది.

అతను బడి పగ్గాలు పట్టాక ఆమె అతన్ని నువ్వు అని పిలిచింది ఆ ఒక్కసారే. అతను మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి జేబులోంచి రుమాలు తీసి, కళ్లు తుడుచుకుని, అదే రుమాలు పరిచి పట్టుకున్నాడు. ఆమె ఆ తడికాగితాన్ని అందులో పెట్టింది. థాంక్స్ టీచర్ అన్నాడు. మీరు పెద్దమనసు మనిషి అన్నాడు. రుమాలు నలగకుండా రెండు చేతుల మీద మోసుకుని వెళ్లిపోయాడు.

ఆమె బకెట్టులో చేతులు కడుక్కుంది. గోళ్లల్లో జిగురు పోలేదు.

ఇంట్లో భర్త సంగతి విని, చూశావా, నిజం చెప్పినదానివి కనకే నెగ్గావు అన్నాడు. ఆమె అన్నం వడ్డిస్తోంది. మీకు కూర చాలా అని అడిగింది.

సోమవారం స్టాఫ్ మీటింగులో చిన్న సారు డ్రాయింగు పీరియడ్ల సంగతి ప్రకటించాడు. పనిలో పనిగా, రేపటి నుంచి పరీక్షలనీ, పదో తరగతి హాలు డ్రాయింగ్ టీచర్‌కి వేస్తున్నామనీ, ఆమె కళ్లు తప్పించుకుని ఈ బడిలో చీమ కూడా కదలదనీ అన్నాడు. లెక్కల టీచర్ చప్పట్లు మొదలుపెట్టింది. మా అక్కవి కళ్లు కావు, ఎక్స్‌రే మిషన్లు అంది. అందరూ నవ్వారు. క్లాసుల్లో పిల్లలకి కూడా ఆ మాట చేర్చింది ఆవిడే.

హాల్లో బల్లకి నడుమ జానెడు ఖాళీ పడింది. జిగురు చారలతో, చుట్టూ ఉన్న టీ రంగు కన్నా తెల్లగా. దాని మీద ఇంకేమైనా అంటిద్దామని ఆమె రెండుసార్లు ముందు నిలబడింది, అంటించడానికి ఏమీ లేదు. ఏదో సంతకానికి వచ్చిన కమిటీ పెద్దాయన అది చూసి ఆగిపోయాడట. అందరూ ఉండి ఒక్కడు రాని బెంచీ, ఆ ఖాళీ పెట్టడంలోనే ఉంది పనితనమంతా అని చిన్న సారుతో అన్నాడట. ఆ మాట ఆయమ్మ మోసుకొచ్చి, మీకు మంచిపేరొచ్చిందమ్మా అంది.

మంగళవారం పొద్దున ఆమె హాల్లో ప్రశ్నాపత్రాలు పంచింది. ఐదు మిగిలాయి. హాజరు తీసుకుని, ఎప్పుడూ నిలబడే కిటికీ దగ్గరికి పోయి, అట్ట మీద ఒక కాగితం తిరగేసి పెట్టుకుంది. మూడో వరసలో మంచి మెడ ఉంది, జడ పక్కకి తోసేసి, వెన్నుపూస ఒక్కటి బఠాణీ గింజలా తేలి. పెన్సిలు మొన ఆనించింది. చూపు మెడ మీద నిలవలేదు. జారి భుజం దిగి, మోచెయ్యి దిగి, కఫ్ దగ్గర ఆగింది. పక్క పిల్లాడి చెవి వేద్దామనుకుంది. మళ్లీ కఫ్ దగ్గరే తేలింది. ఆమె చూపు తగిలిన చోటల్లా పిల్లలు చేతులు సవరించుకుంటున్నారు, కాళ్లు దగ్గరికి లాక్కుంటున్నారు. ఒకడు ఆమెకి కనపడేలా జేబులు బయటికి లాగి, మళ్లీ లోపలికి కుక్కుకున్నాడు.

మూడో వరస పిల్ల ఎడమచెయ్యి బల్ల కిందికి పోయింది. పిడికిలి బిగిసింది.

ఆమె నడిచింది. బూట్లు కాదు, చెప్పులే, అయినా ఆ చప్పుడుకి హాలంతా పెన్నులు ఆగాయి. పిల్ల పక్కన నిలబడి, ఏదీ చూపించు అంది. పిల్ల తలెత్తి చూసింది. చెయ్యి పైకి తెచ్చి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

ఏమీ లేదు. గోళ్లు దిగిన నాలుగు గుర్తులు, చెమట. ఏదో జవాబు గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది, అంతే.

రాసుకో అమ్మా అంది టీచర్. తల మీద చెయ్యి వెయ్యబోతే ఆ పిల్ల కొద్దిగా పక్కకి ఒరిగి తప్పించుకుంది. కిటికీ దగ్గరికి తిరిగి వచ్చి, తెల్లకాగితాన్ని హాజరు పట్టీ కిందికి తోసేసింది.

ఇంకా గంటన్నర ఉంది. ఆ గంటన్నరా ఆ పిల్ల ఎడమచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టుకునే పరీక్ష రాసింది, వేళ్లు విడదీసి, కదపకుండా, టీచర్‌కి బాగా కనపడేలా.